ట్యాబ్లెట్ జీపీఎస్: చిన్న విమానాల పైలట్లు ఎంతవరకు నమ్మవచ్చు?

చిన్న విమానాలు నడిపేవారిలో చాలామందికి ఇప్పుడు కాగితపు మ్యాపుల కంటే ట్యాబ్లెట్‌పైనే ఆధారం ఎక్కువ. అందులోని జీపీఎస్ దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల సంకేతాలను నేరుగా అందుకుంటుంది. మ్యాపులు ముందే దించుకుంటే ఇంటర్నెట్ అక్కర్లేదు. అయితే ఐప్యాడ్‌లలో సెల్యులార్ రకానికే జీపీఎస్ ఉంటుంది. గాలిలోకి లేచాక ఈ సంగతి తెలిస్తే లాభం లేదు.

వేడి మరో చిక్కు. ఐప్యాడ్ వాడకానికి ఆపిల్ సూచించే గరిష్ఠ ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్. మే నెల ఎండలో, అద్దాల కాక్‌పిట్‌లో అది ఆగిపోతే ఆశ్చర్యం లేదు.

ఆగిపోయిన తెర కంటే తప్పు చూపే తెరే ప్రమాదకరం. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు దేశ సరిహద్దు ప్రాంతాల్లో 465 జీపీఎస్ అంతరాయాలు నమోదయ్యాయని, వాటిలో ఎక్కువ అమృత్‌సర్, జమ్మూ పరిసరాల్లోనివేనని కేంద్రం లోక్‌సభకు తెలిపింది. అంతరాయాల్లో ఒకటైన స్పూఫింగ్ అంటే అసలును పోలిన నకిలీ సంకేతాన్ని ప్రసారం చేయడం. పెద్ద ప్రయాణికుల విమానాల్లో ఉపగ్రహాలతో పనిలేకుండా స్థానాన్ని లెక్కగట్టే వ్యవస్థలు వేరుగా ఉంటాయి. పోల్చి చూస్తే తేడా బయటపడుతుంది. ట్యాబ్లెట్‌కు ఆ వెసులుబాటు లేదు. తెరపై విమానం బొమ్మ మెల్లగా పక్కకు జరుగుతుంటే, కారణం గాలివాటమా, నకిలీ సంకేతమా అన్నది ఆ తెర చెప్పదు. అప్పుడు పైలట్‌కు మిగిలే సాక్ష్యం దిక్సూచి, గడియారం, కింద కనిపించే నది, రైలు పట్టాలు.