లీవరు రైఫిలు: అడిగే ధర, పలికే ధర

అవుకు: భూమికి ధర కట్టగలవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. బంగారానికి కంసాలి, ఎద్దుకు సంత దళారి, శనగలకు మండీ కమీషన్ వ్యాపారి ఉన్నారు. తాతలనాటి లీవరు రైఫిలుకు మాత్రం ధర కట్టేవారు దొరకరు. అందుచేత నోటికి వచ్చిన అంకే ధర అయి కూర్చుంటున్నది. అమెరికాలో ఇటువంటివి కోట్లు పలుకుతున్నాయని ఒకరు, పాత ఇనుము కింద కూడా పోదని మరొకరు చెబుతారు. రెండు మాటలూ తప్పే. అయితే కుటుంబాన్ని ఎక్కువగా ముంచేది మొదటి మాటే.

ఒక ఇంట్లో అన్నదమ్ముల పంపకం జరుగుతున్నదనుకుందాం. పెద్దవాడి వాటాకు అయిదు లక్షల పొలం, చిన్నవాడి వాటాకు అయిదు లక్షలుగా లెక్కగట్టిన రైఫిలు వచ్చాయి. పొలం మరునాడే కౌలుకు ఇవ్వవచ్చు. రైఫిలు మాత్రం లైసెన్సు మంజూరైతే తప్ప చిన్నవాడి చేతికి రాదు. లైసెన్సు రాకపోతే అమ్ముకోవాలి. కొనేవాడికి కూడా లైసెన్సు ఉండాలి. చివరకు లక్షకు బేరం కుదిరితే మిగిలిన నాలుగు లక్షలు పూడ్చేదెవరు? పంపకాలకు పెద్దమనుషులుగా కూర్చునేవారిలో వ్యాపారులు తరచుగా ఉంటారు గనుక ఈ ప్రశ్నకు సమాధానం కూడా వారే ఆలోచించాలి.

ఈ ప్రాంతానికి లీవరు రైఫిలు తెలియని సరుకు కాదు. బెంగుళూరుకు చెందిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ (1910-1974) వాడినది .405 బోరు వించెస్టరు 1895 నమూనా. నంద్యాల దాటాక రైలు మార్గం వెంట వచ్చే గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట అడవుల పులివేట గురించి కూడా ఆయన రాశాడు. 1909లో ఆఫ్రికా వేటకు వెళ్లిన అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వెంట తీసుకువెళ్లినవాటిలో కూడా ఈ నమూనా ఉన్నది. ట్రిగ్గరు చుట్టూ ఉండే లీవరును కిందికి తోసి పైకి లాగితే ఖాళీ గుండు బయటపడి కొత్త తూటా ఎక్కుతుంది. అదే దీని ప్రత్యేకత.

విలువ కట్టడంలో మొదటి మెట్టు కథను పక్కన పెట్టడం. కోయిలకుంట్ల, అవుకు ప్రాంతాల్లో పాత తుపాకీ ఏది కనిపించినా పాలెగాళ్లదనీ, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కాలం నాటిదనీ చెప్పి ధర పెంచడం సులభం. నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసినది 1847లో. వించెస్టరుకు మూలమైన హెన్రీ రైఫిలుకు అమెరికాలో పేటెంటు వచ్చినది 1860లో. వించెస్టరు పేరుతో కంపెనీ ఏర్పడినది 1866లో. కనుక వించెస్టరు రైఫిలును ఆ వీరుడి పేరుతో అమ్మజూపితే బేరం అక్కడితోనే ఆపడం ఉత్తమం.

రెండవ మెట్టు వస్తువును చూడటం. పత్తికి పింజ, వడ్లకు తేమ చూసినట్లే దీనికీ కొన్ని పరీక్షలున్నాయి. నమూనా ఏది, బోరు ఎంత, సీరియల్ నంబరు చెరగకుండా ఉన్నదా, గొట్టం లోపలి గాడులు స్పష్టంగా ఉన్నాయా, కర్ర మడమ అసలుదేనా, లీవరు తడబడకుండా ఆడుతున్నదా అన్నవి ముఖ్యం. సంఖ్య కూడా చూడాలి. 1873 నమూనా ఏడు లక్షలకు పైగా, 1894 నమూనా డెబ్బయి లక్షలకు పైగా తయారయ్యాయి. 1895 నమూనా నాలుగు లక్షలకు పైగా తయారు కాగా అందులో మూడింట రెండు వంతులు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో రష్యా సైన్యానికి వెళ్లాయి. పాతదైనంత మాత్రాన అరుదైనది కాదని ఈ అంకెలు చెబుతున్నాయి.

ఇక్కడ ఎక్కువగా జరిగే నష్టం మెరుగు పెట్టించడం వల్ల. అమ్మకానికి ముందు ఇల్లు సున్నం కొట్టించినట్లు తుపాకీకి కూడా సానబట్టించి, కొత్త నీలి పూత వేయించి, మడమకు వార్నిష్ పూయిస్తారు. సేకరణదారులు కోరేది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పూతనే. అది అరిగి ఉన్నా విలువ ఉంటుంది, గీకివేస్తే పోతుంది. తుప్పు పెరగకుండా పలచగా నూనె రాయించడం చాలు.

ఇక అమెరికా ధరల సంగతి. 2016లో అక్కడ ఒక వేలంలో 1886 నమూనా వించెస్టరు 12 లక్షల 65 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పటి మారకం ప్రకారం ఎనిమిది కోట్ల రూపాయల పైచిలుకు. కానీ అది ఆ నమూనాలో సీరియల్ నంబరు 1. జెరోనిమో అనే అపాచీ నాయకుడిని వెంటాడిన సైనికాధికారి లాటన్‌కు కానుకగా దక్కినది. డబ్బు ఇనుముకు రాలేదు. నంబరుకు, దాని వెనుక ఉన్న రుజువుకు వచ్చింది. పైగా ఆ మార్కెట్టు తలుపు ఇక్కడి యజమానికి తెరుచుకోదు. వందేళ్లు నిండి పురావస్తువుగా లెక్కకు వచ్చేదానిని ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధిస్తున్నది. వందేళ్లు నిండనిదానికి కూడా ఆయుధాల చట్టం కింద ఎగుమతి లైసెన్సు అవసరమే. సరుకు కదలని చోట అవతలి ఊరి రేటుతో పనిలేదు.

స్వదేశీ మార్కెట్టులో పరిస్థితి రెండు విధాలుగా ఉన్నది. 1980ల మధ్యకాలం నుంచి ప్రైవేటు వ్యక్తులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు నిలిచిపోయినందున పాత విదేశీ సరుకుకు కొరత ఉన్న మాట నిజం. ధర పెంచి చెప్పేవారి వాదనకు ఆధారం ఇదే. కానీ కొరతతో పాటు గిరాకీ కూడా ఉంటేనే ధర నిలుస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముగిసింది. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. వారసత్వంగా వచ్చినవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. రెండే ఉంచుకోగల వ్యక్తి ఆత్మరక్షణకు పనికివచ్చే రివాల్వరును కోరుకుంటాడు గాని, తూటాలు సులభంగా దొరకని .405 రైఫిలును కోరుకోవడం అరుదు. కొనేవారి సంఖ్య ఇంత తక్కువైనప్పుడు అడిగే ధరకూ పలికే ధరకూ మధ్య దూరం పెరగక తప్పదు.

కాలం కూడా ధరను తింటుంది. లైసెన్సుదారు మరణిస్తే వారసులు తుపాకీని పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గాని జమచేయాలి. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షను ప్రకారం నిర్ణీత గడువులోగా అర్హుడైన వ్యక్తికి అమ్మించి సొమ్ము తీసుకునే హక్కు వారసులకు ఉన్నది. గడువు దాటితే ప్రభుత్వం స్వాధీనపరచుకోవచ్చు. 2016 నిబంధనలు వారసుడు లైసెన్సుకు దరఖాస్తు చేసే వీలు కల్పించాయి. కోట్ల ధర కోసం ఎదురుచూస్తూ ఈ గడువును పోగొట్టుకున్న కుటుంబానికి మిగిలేది సున్న. ప్రైవేటు అమ్మకానికి కూడా ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకు గాని, సమీప పోలీసు స్టేషనుకు గాని రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి. ఇది చేతిలో సరుకు, చేతిలో సొమ్ము బేరం కాదు. దళారి సంచిలో పెట్టుకుని చూపించే మచ్చు అసలే కాదు.

పనిచేయని తుపాకీకి లైసెన్సు అక్కరలేదన్న మాట కూడా బేరాల్లో వినిపిస్తుంది. 45వ సెక్షను మినహాయింపు మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధాలకే వర్తిస్తుంది. చిన్న మరమ్మతుతో పేలే రైఫిలు దాని కిందకు రాదు. ఈ మాట నమ్మి కొన్నవాడికి సరుకుతో పాటు కేసు కూడా వస్తుంది.

కనుక పెద్దమనుషులు చేయవలసినది ఒక్కటే. రైఫిలును ఏ ఒక్కరి వాటాలోనూ అంకె వేసి చేర్చకూడదు. లైసెన్సు ఉన్న ఇద్దరు డీలర్ల చేత రాతపూర్వకంగా ధర తెప్పించి, అమ్మకం జరిగాక నికరంగా చేతికి వచ్చిన సొమ్మును సమంగా పంచుకోవాలని కాగితంలో రాయించాలి. ఉంచుకుంటానన్న వారసుడు ఉంటే లైసెన్సు వచ్చిన తరువాత ఆ రెండు ధరలలో తక్కువదానిని అతని వాటాలో జమకట్టాలి. పాత లైసెన్సు పుస్తకం, కొనుగోలు రసీదు, తాతగారు తుపాకీతో దిగిన ఫోటో ఉంటే పారవేయకూడదు. సరుకుకు కాస్త ఎక్కువ పలికించేవి అవే. మిగిలినదంతా మార్కెట్టు మాట కాదు, రచ్చబండ మాట.