పుట్టీ కింద తుప్పు



ఈమధ్య ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక రైతు అందరూ వెళ్ళేదాకా వేపచెట్టు కింద నిలబడ్డాడు. "అయ్యగారూ, మావాడికి మీరే నాలుగు మాటలు చెప్పాలె. కాచిగూడలో చదువుకోమని పంపితే పాత కారు విప్పుకుంటూ వీడియోలు తీస్తున్నడంట. రెండు సబ్జెక్టులు పోయినయి. పత్తి అమ్మిన పైసలు పంపుతున్న. నా మాట వింటలేడు" అన్నాడు.

ఆ వారంలోనే మా దంపతులిద్దరం జడ్చర్లలో రైలెక్కాము. మందలించడానికే బయలుదేరాము, దాచడమెందుకు? ఏమని మొదలుపెట్టాలో, ఎవరు మొదట మాట్లాడాలో దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాము.

కాచిగూడ స్టేషను మీలో చాలామంది చూసే ఉంటారు. 1916లో నిజాం కాలంలో కట్టిన ఆ గుమ్మటాల భవనం నూరేళ్ళు దాటినా రోజూ పని చేస్తూనే ఉంది. పాలమూరు పల్లెల నుంచి పట్నం వెళ్ళేవారిలో ఎందరికో అదే తలుపు. అబ్బాయి స్టేషనుకు వచ్చి, "వందనాలు అయ్యగారూ, వందనాలు అమ్మగారూ" అని చేతిలో సంచి అందుకున్నాడు. గోళ్ళ సందుల్లో నల్లని గ్రీజు. తిన్నగా కారు దగ్గరికే తీసుకెళ్ళాడు.

తను అద్దెకుంటున్న పాత ఇంటి వెనక హాతాలో ఉంది అది. ప్రీమియర్ పద్మిని. ముంబైలో కుర్లాలోని కార్ఖానాలో తయారైన ఈ కారును పాతతరం వాళ్ళు ఇప్పటికీ ఫియట్ అనే అంటారు. చిత్తోడు రాణి పద్మిని పేరు దానికి 1970లలో వచ్చింది. స్టీరింగు పక్కనే గేరు కర్ర, 1089 సీసీల చిన్న ఇంజను. ముంబైలో నలుపు పసుపు టాక్సీగా తిరిగిన వాటిలో ఆఖరిది 2023 అక్టోబరు చివర రోడ్డు దిగిపోయింది. ఇది మాత్రం ఇంటి యజమాని తండ్రిగారి బండి. ఆయన పోయాక ఏళ్ళ తరబడి చెట్టు కింద ఎండకు ఎండి వానకు తడిసింది. "నడిపించగలిగితే నువ్వే తీసుకో" అన్నాడట యజమాని.

బిగుసుకుపోయిన ఇంజనును కదిలించిన సంగతి చెబుతుంటే అబ్బాయి కళ్ళు మెరిశాయి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో డీజిలు పోసి, రెండు రాత్రులు నాననిచ్చి, తర్వాత చేత్తో మెల్లగా తిప్పాడట. బలవంతం చేస్తే లోపల విరిగేదట. కార్బురేటరు విప్పి కడగడం, పెట్రోలు ట్యాంకులోని తుప్పు దులపడం, బ్రేకుల రబ్బర్లు మార్చడం, ప్రతిదీ వీడియోలో ఉంది. మాకు సగమే అర్థమైంది. కానీ ఈ ఓపిక ఉన్న పిల్లవాణ్ణి సోమరి అనలేమని మాత్రం పూర్తిగా అర్థమైంది.

ఆ తర్వాత అడగకుండానే ఒక సంగతి చెప్పాడు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

కారు అడుగు రేకు తుప్పు తిని జల్లెడైపోయింది. పద్మినికి లారీలాగా విడిగా ఛాసిస్ ఉండదు, కారు ఒళ్ళే దానికి ఎముకల గూడు. అడుగు, పక్క పట్టీలు పోతే కారు బలమంతా పోయినట్టే. తుప్పు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. అందుకు డబ్బూ కావాలి, రోజులూ కావాలి. అప్పుడొక స్నేహితుడు, "చూసేవాళ్ళకు కావలసింది మెరుపేరా! పుట్టీ పూసి నల్లరంగు కొట్టెయ్" అన్నాడు. ఇతడూ అలాగే చేశాడు. ఆ వీడియోను అంతకుముందు వాటికన్నా ఎక్కువమంది చూశారు. ఒకాయన కొంటానని కొంత బయానా కూడా పంపాడు.

అమ్మే ముందు ఒకసారి చూడమని దగ్గరలోని షెడ్డు నుంచి ఒక ముసలి ఉస్తాదును పిలిచాడు. ఆయన కారు కిందికి దూరి స్క్రూడ్రైవరుతో ఒక్క పోటు పొడిచాడు. అది అడుగు దాటి పైకి వచ్చింది. "బేటా, ఇందులో కూర్చున్నోడు రోడ్డు మీద పడతాడు" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అబ్బాయికి నిద్ర పట్టలేదు. తెల్లవారి బయానా తిరిగి పంపేశాడు. అదే స్క్రూడ్రైవరుతో తన పుట్టీని తానే పొడిచి చూపిస్తూ, "మొన్న మీకు చూపించింది అబద్ధం" అని కొత్త వీడియో పెట్టాడు. కొందరు మెచ్చుకున్నారు, చాలామంది ఎగతాళి చేశారు, చూసేవాళ్ళు తగ్గిపోయారు.

మాకు చాలా సంతోషమైంది. తర్వాత అమ్మగారు మామూలుగానే అడిగింది: "మరి వెల్డింగుకు డబ్బెక్కడిది బాబూ?"

అబ్బాయి తల దించుకున్నాడు. నాన్న ఫీజుకని పంపిన డబ్బులో నుంచి ఎనిమిది వేలు వాడాడట. నాన్నకు చెప్పలేదు. పోయిన సబ్జెక్టు ఒకటే అని ఇంట్లో చెప్పాడు. రెండోదాని సంగతి ఊరివాళ్ళ ద్వారా తండ్రికి తెలిసింది.

ప్రియులారా, ఇక్కడ మనం కాస్త ఆగాలి. ముక్కూ మొహం తెలియని వేలమంది ముందు తప్పు ఒప్పుకున్న పిల్లవాడు, పత్తి చేలో నడుం వంచిన ఒక్క మనిషి ముందు ఒప్పుకోలేకపోయాడు. కెమెరా ముందు చెప్పడానికీ ధైర్యం కావాలి, మేము కాదనము. అయితే ఎవరికి బాకీ ఉన్నామో వారికి చెప్పేదాకా ఆ ఒప్పుకోలు పూర్తి కాదు. ఈ కాలంలో మన యువతకున్న పెద్ద ప్రమాదం ఇదేనని మా అభిప్రాయం. లోకానికి అన్నీ చూపిస్తున్నారు, ఇంట్లో మాత్రం తలుపు మూసుకుంటున్నారు.

పిల్లలను మాత్రమే అనడం న్యాయం కాదు. మొన్నటి వార్షికోత్సవానికి ముందు మా మందిరం గోడలో చెమ్మ దిగిన చోట మేమే సున్నం కొట్టించాము. వచ్చేవాళ్ళకు అందంగా కనిపించాలనుకున్నాము. వానాకాలంలో ఆ పెచ్చు ఊడి బల్ల మీద పడింది. దేవుని దయవల్ల ఆ సమయానికి ఎవరూ అక్కడ కూర్చుని లేరు.

పట్టించుకోకపోతే రాజుల సొత్తు కూడా ఇంతే. కాచిగూడకు దగ్గరలోనే కింగ్ కోఠి ఉంది. ఏడో నిజాం 1967లో చనిపోయేనాటికి ఆయన అరవై దాకా కార్లలో నడిచే స్థితిలో ఉన్నవి నాలుగేనని చరిత్రకారులు రాశారు. వారసుడైన ముకర్రం జాకు ఇంజన్లు విప్పి బాగుచేయడమంటే మహా ఇష్టం. 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను తర్వాతి కాలంలో బాగుచేయించారు. ఇప్పుడు అది చౌమహల్లా ప్యాలెస్‌లో అందరూ చూసేలా ఉంది. యువరాజు చేతికి నామోషీ కాని గ్రీజు రైతుబిడ్డ చేతికి నామోషీ ఎందుకవుతుంది? బహదూర్‌పురాలో 2010లో కార్ల మ్యూజియం తెరిచిన సుధాకర్ గారు కూడా బడి వయసులోనే పాత సామాన్లతో బండ్లు చేయడం మొదలుపెట్టినవారే. తల్లిదండ్రులారా, చేతిపనిని "పనికిరాని పని" అని ఒక్క మాటతో కొట్టిపారేయకండి. ఒకసారి వెళ్ళి చూడండి. చూడకముందు మేమూ అలాగే అనుకున్నాము.

యువతకు కూడా రెండు మాటలు. రంగుకన్నా ముందు కాగితాలు చూసుకోండి. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళే నడుస్తుంది, ఆ తర్వాత బండి చూపించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. 2021లో వచ్చిన వింటేజ్ నియమం 50 ఏళ్ళు దాటిన బండ్లకే. చనిపోయినాయన పేరున ఉన్న కారు మీ పేరుకు మారకుండా రోడ్డెక్కకూడదు. ఇక రెండో మాట: పరీక్షలప్పుడు కారు మీద గుడ్డ కప్పండి. ఇన్నేళ్ళు ఆగిన కారు రెండు నెలలు ఆగలేదా?

నెహెమ్యా 52 రోజుల్లో యెరూషలేము గోడ కట్టించాడని మనం గొప్పగా చెప్పుకుంటాము. కట్టడానికి ముందు ఒక రాత్రి కొద్దిమందితో బయలుదేరి, కూలిన చోట్లన్నీ స్వయంగా తిరిగి చూశాడని అంతగా చెప్పుకోము. ఆ రాత్రి లేకపోతే ఆ 52 రోజులు లేవు.

ఆ శనివారం అబ్బాయి ఊరికి వచ్చాడు. మేము వాకిట్లో కూర్చున్నాము, మధ్యలో మాట్లాడలేదు. ఎనిమిది వేల సంగతి, రెండో సబ్జెక్టు సంగతి తండ్రికి తనే చెప్పాడు. తండ్రి చాలాసేపు నేల చూస్తూ ఉండిపోయాడు. తల్లి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. చివరకు ఆయన, "పైసలు నువ్వే కట్టాలె" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "ఇంజను తిరుగుతదా?" అని అడిగాడు.

ఆదివారాలు ఒక షెడ్డులో పని చేసి అబ్బాయి ఆ డబ్బు తీరుస్తున్నాడు. ఒక సబ్జెక్టు గట్టెక్కింది, ఇంకొకటి మిగిలింది. కారుకు అడుగు రేకు పడింది, రంగు ఇంకా పడలేదు. మందిరం గోడకు ఈసారి పెచ్చంతా గీకించి, నీరు దిగే చోటు వెతికిస్తున్నాము.

మీ ఇంట్లో ఎవరికి ఏ మాట చెప్పకుండా ఉండిపోయారో ఈ వారం ఒక్కసారి చూసుకోండి. వారి దగ్గరికి వెళ్ళే ధైర్యం ప్రభువు మనకందరికీ ఇచ్చును గాక.