కోడ్ కామెంట్‌లో గ్రామర్ ఎందుకు అనుకునేవాణ్ణి... వాలెట్ మైనస్‌లోకి వెళ్లేదాకా!

ఏ ఫోన్‌లో ఏ చిప్‌సెట్ ఉందో గంటలకొద్దీ వాదించుకుంటాం కానీ, అందులో నడిచే యాప్‌ల కోడ్‌లో కామెంట్లు ఎలా ఉన్నాయో ఎవరూ పట్టించుకోరు. నేనూ అంతే. బీటెక్‌లో కామెంట్ అంటే ల్యాబ్ మార్కుల కోసం రాసేదే కదా!

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, వాలెట్ నుంచి డబ్బు కట్ చేసే పైథాన్ ఫంక్షన్ ఒకటి రాశాను. పైన డాక్‌స్ట్రింగ్‌లో ‘చెక్ బ్యాలెన్స్ బిఫోర్ డెబిట్’ అని పెట్టాను. ఫంక్షన్‌ని వాడేవాళ్లే ముందు బ్యాలెన్స్ చూసుకోవాలని నా ఉద్దేశం. నా టీమ్‌మేట్ మాత్రం ఫంక్షనే చూసుకుంటుంది అనుకున్నాడు. చివరికి ఇద్దరం చెక్ పెట్టలేదు. టెస్టింగ్‌లో వాలెట్ మైనస్ 500 చూపించింది. రిలీజ్‌కి ముందే దొరికింది కాబట్టి బతికిపోయాం.

తప్పు నాదే. 2001లో వచ్చిన పీఈపీ 257 ప్రకారం, పైథాన్ డాక్‌స్ట్రింగ్‌లో ఫంక్షన్ చేసే పనిని ఆజ్ఞలా రాయాలి. ‘రిటర్న్స్’ కాదు, ‘రిటర్న్’ అనాలి. అంటే వాడు రూల్ ప్రకారమే చదివాడు. జావాడాక్ గైడ్ చెప్పేది దీనికి రివర్స్: ‘గెట్’ కాదు, ‘గెట్స్’ అనమంటుంది. గో లాంగ్వేజ్‌లో అయితే కామెంట్ ఫంక్షన్ పేరుతోనే మొదలవ్వాలి. గూగుల్ పైథాన్ స్టైల్ గైడ్ రెండు పద్ధతులనూ ఒప్పుకుంటుంది, కానీ ఒక ఫైల్‌లో ఒకటే ఉండాలంటుంది. నా ఓటు దీనికే.

‘మంచి కోడ్‌కి కామెంట్లు అక్కర్లేదు’ అనే సీనియర్లు ఉంటారు. కోడ్‌లో ఉన్నది కోడే చెబుతుంది, నిజమే. కానీ నా ఫంక్షన్‌లో సమస్య, లేని చెక్ గురించి. అది ఎవరి బాధ్యతో కోడ్ ఎలా చెబుతుంది?

తెలుగులో ఈ తికమకే రాదు. ‘చెక్ చేస్తుంది’ అంటే ఫంక్షన్, ‘చెక్ చేయండి’ అంటే మనం. క్రియ చివరే అంతా తెలిసిపోతుంది. అలాగని కామెంట్లు తెలుగులో రాయమనడం లేదు. మన భాష రానివాళ్లు ఆ కోడ్ ఎప్పటికీ చదవరని గట్టి నమ్మకం ఉంటే తప్ప ఇంగ్లీషులోనే రాయమని పీఈపీ 8 కూడా చెబుతోంది. నేను చేసేదల్లా ఒక్కటే: రాసిన ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో ఒకసారి తెలుగులో అనుకుంటాను. ‘ఎవరు?’ అన్న ప్రశ్నకి జవాబు దొరక్కపోతే, ‘కాలర్ మస్ట్ చెక్’ అని కర్తను పెట్టి తిరగరాస్తాను.

పది సెకన్ల పని. మీరు చివరిగా రాసిన ఫైల్ తెరిచి, ఒక్క కామెంట్‌తో ట్రై చేసి చూడండి.