విచ్చలవిడిగా... ఎవరు?

కొల్లేరు సరస్సు మీద వార్త అంటే 'విచ్చలవిడిగా' అన్న మాట పడాల్సిందే. ఇంగ్లిష్ పేపర్లో అయితే 'ర్యాంపెంట్'. అభయారణ్యంలో విచ్చలవిడిగా చెరువులు తవ్వేస్తున్నారు, రాత్రికి రాత్రే గట్లు లేపేస్తున్నారు అని రాస్తారు. ఎవరు? కర్త కనపడడు. తెలుగు వాక్యం కర్త లేకుండానే హాయిగా నడుస్తుంది. రాసేవారికి పౌరుషంగా రాశామన్న తృప్తి మిగులుతుంది, తవ్వించినవాడికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

భీమడోలు నుంచి ఒక దారి ద్వారకా తిరుమల కొండకు పోతే, మరో దారి దక్షిణాన కొల్లేటి లంకలకు దిగుతుంది. అక్కడ చెరువు మీద తాళ్లకు చిల్లుల బస్తాలు వేలాడుతుంటాయి. వాటిలోంచి తవుడు కొద్దికొద్దిగా కారుతుంటే చేపలు వచ్చి తింటాయి. పడవ వేసుకుని ఆ బస్తాలు కట్టే కూలీ ఒకడు, చెరువును లీజుకు తీసుకున్న ఆసామి వేరొకడు. 'విచ్చలవిడి' ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తుంది.

పైగా ఆ మాట వింటే అడిగే నాథుడే లేడనిపిస్తుంది. కానీ కొల్లేరు కథంతా కాగితాల మీదే నడిచింది. 1970ల్లో సొసైటీలు పెట్టించి చేపల చెరువులకు దారి చూపింది ప్రభుత్వమే. 1999లో జీవో 120తో +5 కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేసిందీ ప్రభుత్వమే. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట గట్లు కొట్టేశారు. రెండేళ్ల తర్వాత, 2008లో, అభయారణ్యాన్ని +3కి కుదించాలని శాసనసభ తీర్మానించింది. కుదించొద్దని తర్వాత ఆ విషయం పరిశీలించిన అజీజ్ కమిటీ చెప్పింది. జీవోలు, తీర్మానాలు, కమిటీలు... ఇంత పద్ధతిగా సాగినదాన్ని విచ్చలవిడి అంటే ఎలా?

హద్దు కాగితం మీద ఉంది కనుక దాటినవారి గురించి సూటిగా రాయొచ్చు. ఏ ఊరు, ఏ సర్వే నంబరు, +5 లోపల ఎన్ని ఎకరాలు, లీజు ఎవరి పేరున ఉంది, పొక్లెయిన్ దిగిన రోజు అటవీ, రెవెన్యూ సిబ్బంది ఏం చేశారు? ఇవన్నీ రాశాక విశేషణానికి చోటు మిగిలితే అప్పుడు వేసుకోవచ్చు.

2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వాగు కలిసేది కొల్లేరులోనే. అక్కడి నీరు సముద్రానికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరే. దారిలో ఏ గట్టు అడ్డుందో, అది ఎవరిదో రాసిన వార్త ఒక్కటి చాలు, కలెక్టరుకు ఆ పేపరు కత్తిరించి ఫైల్లో పెట్టుకునే పని పడుతుంది.