స్వల్పవ్యయముతో వీడియో సరంజామా

2023 వేసవిలో మా యత్తగారు ఆవకాయ కలుపుచుండగా నేను వీడియో తీసితిని. చేయి వణకి బొమ్మ కదలెను. పంకా రొదలో వారి మాట మునిగెను. నేడు వారు లేరు.

లోపము కెమెరాది కాదు. ఇంటనున్న ఫోనే చాలును. మొదట ఆ ఫోనునకు సరిపడునట్టి, కొంగునకు తగిలించు మైకును, పిదప ట్రైపాడును, ఫోను హోల్డరును, చిన్న దీపమును కొనుడు. ఈ కడపటి మూడును పావంగుళపు మరతో బిగియునవిగా నుండవలెను. మున్ముందు కెమెరా కొన్నను ఆ ట్రైపాడును, దీపమును పనికివచ్చును. ట్రైపాడు లేనినాడు బియ్యపు సంచిపై ఫోనును అడ్డముగా నిలుపవచ్చును. పెద్దవారిని కిటికీ కెదురుగా కూర్చుండబెట్టి, పంకా ఆపుడు. ఒక నిమిషము తీసి, విని చూచుకొని, ఆ తరువాతనే పని సాగింపుడు. నేనానాడు అది చేయనైతిని.