నూట ఎనభై గంటలు

ఈ ప్రత్యేక సంచికకు "విద్యార్థులు - నాయకత్వం" అన్న విషయం మీద నాలుగు మాటలు వ్రాసి పంపమని సంఘం కార్యదర్శి కోరారు. ఇలాంటి శీర్షిక మీద వ్రాయడం చాలా సులువు. "నేటి విద్యార్థులే రేపటి పౌరులు" అని మొదలుపెట్టి, మధ్యలో వివేకానందుణ్ణి ఒకసారి, నెహ్రూను ఒకసారి తలచుకుని, చివర "యువతరమా, మేలుకో!" అని ముగిస్తే సరిపోతుంది. ఈ కళాశాలలో చదువుకునే రోజుల్లో నేనూ రెండుసార్లు అలాగే వ్రాశాను. ఆ సంచికలు మా ఇంటి అటక మీద ఉన్నాయి. ఎవరికీ చూపించను.

అసలు ఆ మొదటి మాటతోనే నాకిప్పుడు పేచీ. రేపటి పౌరులేమిటి? రాజ్యాంగానికి 61వ సవరణ జరిగి, 1989 మార్చిలో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. ఆ నవంబరులో లోక్‌సభకూ, మన శాసనసభకూ కలిసి వచ్చిన ఎన్నికల్లో మొదటిసారి వేలికి సిరా చుక్క పెట్టించుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. డిగ్రీ తరగతిలో కూర్చున్న ప్రతివాడూ నేటి పౌరుడే. వాడికి ఊరి పని ఎలా జరుగుతుందో తెలియకపోతే ఆ తప్పు రేపటిది కాదు, ఈవేళ్టిది. అందులో మా అధ్యాపకుల వాటా కూడా ఉంది.

మాది చాగలమర్రి. కర్నూలు నుంచి కడపకు పోయే రోడ్డు మీద ఆళ్ళగడ్డ దాటాక వచ్చే ఊరు. కారుల్లో పోయేవాళ్ళకు టోల్‌గేటు పేరుగా తెలుసు. అప్పట్లో కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. ఊరు మారలేదు, అర్జీ మీద వ్రాసే చిరునామా మారింది.

విద్యార్థులను ఊళ్ళలోకి పంపాలన్న ఆలోచన కొత్తది కాదు. స్వాతంత్ర్యం రాగానే రాధాకృష్ణన్‌గారి కమిషన్ ఆ మాట అన్నది. తర్వాత దేశ్‌ముఖ్ కమిటీ, ఆపైన కొఠారీ కమిషన్ అదే అన్నాయి. ఇరవై ఏళ్ళ చర్చ తర్వాత, గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావుగారు జాతీయ సేవా పథకాన్ని 37 విశ్వవిద్యాలయాల్లో, 40 వేలమంది విద్యార్థులతో ప్రారంభించారు. అదే మన ఎన్.ఎస్.ఎస్. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళు సేవ, ఒక ప్రత్యేక శిబిరం, జేబు మీద కోణార్క చక్రం బ్యాడ్జీ, "నేను కాదు, మీరు" అన్న నినాదం. ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థుల్లో సగంమంది బీరువాల్లో ఆ సర్టిఫికెట్ ఉండే ఉంటుంది.

మా శిబిరం సంగతి చెబుతాను. పది రోజులు ఒక పల్లె బడిలో మకాం. పగలు రోడ్డు వెయ్యడం, రాత్రి బుర్రకథలూ ఉపన్యాసాలూ. మేం వేసింది ఊరికీ పొలాలకూ మధ్య ఒక మట్టిరోడ్డు. అరచేతులు బొబ్బలెక్కాయి. చివరి రోజు పెద్దలొచ్చి రిబ్బను కత్తిరించారు. మరుసటి వానాకాలం మొదటి వానకే ఆ రోడ్డు పోయింది. "నీళ్ళు యాడికి పోతాయో సూసుకోకుండా ఏస్తిరి గదా సామీ" అన్నాడు ఆ ఊరి రైతు, తర్వాతెప్పుడో ఆళ్ళగడ్డ బస్టాండులో కలిసినప్పుడు. పది రోజులు ఆ పొలాల్లో తట్టలు మోశాంగానీ, వానొస్తే నీళ్ళు ఏ వాలుకు పారతాయని ఆయన్ను ఒక్కరూ అడగలేదు. కె.సి. కాలువ కింద, కుందూ పక్కన పుట్టి పెరిగినవాళ్ళమే మాలో సగంమంది. అడగాలని తోచలేదు, అంతే. మేం ఇవ్వడానికి వెళ్ళాం గాని నేర్చుకోవడానికి కాదు!

ఐనా ఆ పది రోజులను నేను తక్కువ చేసి మాట్లాడను. జీవితంలో మొదటిసారి, నాది కాని కులంవాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చుని సంగటి తిన్నాను. అది ఏ సిలబస్‌లోనూ లేదు.

ఇప్పుడు కొత్త రూపం వచ్చింది. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి డిగ్రీలో చేరినవాళ్ళకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టింది. మొదటి ఏడాది అయ్యాక, సెలవుల్లో 180 గంటలు ఒక పల్లెనో పేటనో పట్టుకుని ఇంటింటి సర్వే చెయ్యాలి, ఒక సమస్య ఎంచుకుని పని చెయ్యాలి, లాగ్‌బుక్ వ్రాయాలి, నివేదిక ఇవ్వాలి. నాలుగు క్రెడిట్లు. ఎన్.ఎస్.ఎస్. ఇష్టమున్నవాళ్ళకు, ఇది అందరికీ. కాగితం మీద ఇంతకన్నా మంచి ఆలోచన నేను చూడలేదు. పిల్లవాడు తన ఊరిని ఒక పాఠంగా చదవాలి అంటున్నారు. ఎంత బాగుంది!

జరుగుతున్నదేమిటి? నేనొక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పుకుంటున్నాను కనుక ఈ నివేదికలు దిద్దే భాగ్యం నాదే. ఒక ఏడు నలభై లాగ్‌బుక్కులు వస్తే, అందులో పదకొండింటిలో ఒకే వాక్యం, ఒకే అక్షరదోషంతో సహా: "గ్రామ ప్రజలు పరిశుబ్రత పట్ల అవగాహన లేకపోవడం గమనించితిమి." జిరాక్సు షాపులో నమూనా దొరుకుతుందట, ఊరి పేరు మార్చుకుంటే చాలట. పదకొండు పల్లెల ప్రజలకు ఒకేసారి అవగాహన లేకుండా పోయిందా? దొంగ ఎవరు? పిల్లలా? ఎలా దిద్దుతున్నామో తెలిసి కూడా మార్కులు వేసిన నేనా? నేనే వేశాను, ఒప్పుకుంటున్నాను.

ఆ నలభైలో ఒకటి మాత్రం వేరుగా ఉంది. చాగలమర్రి చుట్టుపక్కల పల్లె అమ్మాయి. పేరు వ్రాయొద్దంది, ఊరి పేరు నేనే వ్రాయడం లేదు. తన వీధిలో ముప్పయ్యెనిమిది ఇళ్ళు తిరిగింది. మొదటి ఇంట్లోనే ఒక అవ్వ, "రాసుకుంటానే ఉండారు నాయనా, వచ్చినోళ్ళంతా. రాసుకునిపోయినోళ్ళు మళ్ళా ఒక్కరన్నా వచ్చినారా?" అని అడిగిందట. ఈ పిల్ల ఆ ప్రశ్నను లాగ్‌బుక్‌లో మొదటి రోజు కిందే వ్రాసుకుంది. రెండో వారంలో ఒక సంగతి పట్టుకుంది. ఆ వీధికి కుళాయి నీళ్ళు ఆరున్నరకు వదులుతారు. కూలికి పోయే ఆటో ఆరింటికే బయలుదేరుతుంది. నీళ్ళొచ్చే వేళకు ఇంట్లో బిందె పట్టే మనిషి ఉండదు. చిన్నపిల్లలు పట్టాలి, లేదా పక్కింటి ముసలమ్మను బతిమాలుకోవాలి. ఏళ్ళుగా జరుగుతోంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు రాకపోతే అడుగుతారు గాని, వస్తున్న నీళ్ళ వేళ గురించి ఎవరిని అడగాలి?

ఆ అమ్మాయి అర్జీ వ్రాసి ఇరవైరెండుమంది ఆడవాళ్ళ సంతకాలు, వేలిముద్రలు పెట్టించి పట్టుకుపోయింది. "కాలేజీ పిల్లవు, చదువుకోక నీకెందుకమ్మా ఇవన్నీ" అన్నారట. మళ్ళీ పోతే సారు లేరు. మూడోసారి పోయినప్పుడు నన్నడిగింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టమన్నాను. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి దానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నీళ్ళు వదిలే వేళను ఎవరు, ఎప్పుడు, ఏ తీర్మానంతో నిర్ణయించారని ఒకే ఒక ప్రశ్న. జవాబు రాలేదు. కాని పన్నెండో రోజు నుంచి నీళ్ళు ఐదుంబావుకు రావడం మొదలైంది!

దీన్ని నేను నాయకత్వం అంటాను. ఉపన్యాసం లేదు, దండ లేదు, ఫోటో అసలే లేదు.

మన సీమలో నాయకత్వం అన్న మాటకు ఒక చిక్కుంది. ఉయ్యాలవాడ మనకు దగ్గర. 1846లో కుంఫిణీ మీద తిరగబడి, 1847 ఫిబ్రవరిలో కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డిదీ, 1866 కరువులో తన గాదెలు తెరిచి వేలమందికి గంజి పోసిన బుడ్డా వెంగళరెడ్డిదీ ఆ పేరుతోనే ముడిపడిన చరిత్ర. ఇద్దరూ గొప్పవాళ్ళే. కాని వాళ్ళ నుంచి మనం నేర్చుకున్నదల్లా, నాయకుడంటే ఒక పెద్దాయన, మిగతావాళ్ళు ఆయన మనుషులు అనే. నా చదువుకునే రోజుల్లో కుర్రాడి నాయకత్వ శిక్షణ ఎవరిదో జీపులో వెనక సీటు దగ్గర మొదలయ్యేది. దిగేటప్పుడు కొందరు నడిచి దిగలేదు. ఇప్పుడు జీపు పోయి ఫ్లెక్సీ వచ్చింది. పుట్టినరోజు ఫ్లెక్సీలో కింది వరసలో తపాలా బిళ్ళంత ఫోటో పడితే మనవాడు నాయకుడైపోయాడు. ఆ కుర్రాణ్ణి గ్రామసభ అంటే ఏమిటో అడగండి. 73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాడూ దానిలో సభ్యుడే, తనతో సహా, అన్న సంగతి తెలిసినవాణ్ణి నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

చెయ్యలేరా మన పిల్లలు? చేసి చూపించారు కదా. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన పక్క అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమైంది. దానికి సామాజిక తనిఖీ పెట్టినప్పుడు, కూలి కుటుంబాల్లో చదువుకున్న యువతీయువకులకే శిక్షణ ఇచ్చి మస్టర్ రోలు చేతికిచ్చారు. వాళ్ళు ఇంటింటికీ పోయి, "నువ్వు ఇన్ని రోజులు పనికి పోయినట్టు ఇక్కడుంది, నిజమేనా?" అని అడిగి, సభలో అందరి ముందూ చదివారు. చచ్చిపోయినవాళ్ళ పేర కూలి లేచిన లెక్కలు అలా బయటపడ్డాయి. ఆ పని చేసినవాళ్ళలో చాలామంది చదువు మన డిగ్రీ పిల్లలకన్నా తక్కువే. తేడా ఒక్కటే. వాళ్ళు నివేదిక వ్రాసి ఎవరికో ఇచ్చి రాలేదు. ఎవరి గురించి వ్రాశారో వాళ్ళకే చదివి వినిపించారు. అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు అదే.

ఇంకో తేడా కూడా ఉంది, దీన్ని మనం మర్యాదకోసం దాచిపెడుతున్నాం. తనిఖీ చేసినవాళ్ళకు ఆ రోజులకు భత్యం ఇచ్చారు. మన పిల్లలకు సెలవులంటే ఏమిటో అధ్యాపకులకు తెలియదా? పెళ్ళిళ్ళలో వడ్డనకు పోవడం, బెంగళూరులో మేస్త్రీ వెంట పోవడం, అమ్మతోపాటు కూలి ఆటో ఎక్కడం. వచ్చే ఏడు ఫీజు, బస్‌పాసు, హాస్టలు బిల్లు అందులోంచే. అలాంటివాడిని 180 గంటలు ఊరికే సేవ చెయ్యమంటే వాడు జిరాక్సు షాపుకు పోక ఎక్కడికి పోతాడు? నిజంగా తిరిగి నిజం వ్రాయగల తీరిక ఉన్నది కడుపు నిండినవాళ్ళ పిల్లలకు. వాళ్ళకేమో ఆ వీధులే తెలియవు.

అందుకని నా ప్రతిపాదన. మన సంఘం పదిమందికి ఒక వేసవి ఫెలోషిప్ ఇవ్వాలి. పేరు ఏదైనా పెట్టుకోండి. రెండు నెలలు సొంత ఊళ్ళోనే ఉండాలి. ఒకే ఒక సంగతి పట్టుకోవాలి: రేషను తూకమో, బడి మరుగుదొడ్డో, పింఛను రాని ఒక వీధో. కూలికి పోతే వచ్చేదాంట్లో సగమైనా నెలనెలా చేతికందాలి. నివేదిక మొదట ఆ ఊరివాళ్ళ ముందు చదవాలి, తర్వాతే కళాశాలలో. అమెరికాలో 1993 చట్టంతో వచ్చిన అమెరికోర్‌లో సేవచేసే యువకులకు జీవనభత్యం, తర్వాత చదువుకు సాయం ఇస్తారు. అంత ధనిక దేశమే ఊరికే పని అడగనప్పుడు మనమెలా అడుగుతాం?

"డబ్బిస్తే సేవ ఎలా అవుతుంది?" అని ఒక మిత్రుడు కోప్పడ్డాడు. ఆయన నెల జీతం తీసుకుంటూ ఎన్.ఎస్.ఎస్. నడిపినవాడే. "రాజకీయాలొస్తాయి, ఊళ్ళో గొడవలు మన మెడకు చుట్టుకుంటాయి" అని ఇంకొకరు. ఈ భయం ఉత్తది కాదు, మన ప్రాంతం సంగతి మనకు తెలుసు. ఒంటరిగా ఒక ఆడపిల్లను కార్యాలయం మెట్లెక్కించి మనం వెనక నిలబడకపోతే అది పాపం. అందుకే ప్రతి ఇద్దరికీ ఒక అధ్యాపకుడు, వాళ్ళ ఊరికి వచ్చి ఆ సభలో కూర్చునేవాడు, ఉండాలంటాను. రానివారికి ఈ పని వద్దు. ఎంపికలో సంఘం నాయకుల స్నేహితులకే ఇచ్చుకుంటారన్న మాట కూడా వస్తుంది, రావాలి కూడా. పేర్లు, కారణాలు నోటీసుబోర్డు మీద పెట్టండి.

డబ్బెక్కడిది అంటారా? ఈ సంచిక చివర ఉన్న ప్రకటనలు లెక్కపెట్టండి. పూర్వ విద్యార్థులం మేము ఏటా వార్షికోత్సవంలో శాలువాలు కప్పించుకోవడానికి వస్తాం. ఆ శాలువాల ఖర్చు మానేసినా ఒకరి రెండు నెలలు వెళ్ళిపోతాయి. నా వంతు నేను మొదటి నెలది కార్యదర్శికి పంపుతున్నాను.

ఆ కుళాయి అమ్మాయి డిగ్రీ ముగించి ఇప్పుడు మీ కళాశాలలోనే ఎం.ఏ. చదువుతోంది. ఆమె లాగ్‌బుక్ నా దగ్గరే ఉంది. నీళ్ళ సంగతి తర్వాతి పేజీలో "రెండవ సమస్య: వీధి చివర మురుగు కాలువ, బడి గోడ" అని శీర్షిక పెట్టి, కింద నాలుగు ఇళ్ళవాళ్ళ మాటలు వ్రాసింది. ఆపైన ఖాళీ. ఎందుకు ఆపావమ్మా అంటే, "జూన్‌లో ఫీజు కట్టాల్సి వచ్చింది సార్, అమ్మతోపాటు పనికి పోయినా" అంది.