నిమ్మ గుణాలు అందరూ చెబుతారు, ధర ఎవరు చెబుతారు?

ఎండలు ముదిరితే చాలు, టీవీల్లో పండ్ల పాఠాలు మొదలవుతాయి. ద్రాక్ష గుండెకు మంచిది, నిమ్మ ఒంటికి మంచిది. మేము కాదనం. కానీ ఆ నిమ్మకాయ పండించినవాడి చేతికి ఎంత వచ్చిందని ఒక్కరూ అడగరు.

రాపూరు, సైదాపురం, వెంకటగిరి తోటల కాయ గూడూరు, పొదలకూరు మార్కెట్లకు చేరి ఢిల్లీ దాకా పోతోంది. అక్కడ చలి మొదలైతే మన కాయను అడిగే నాథుడుండడు. కోతకూలి, లారీ కిరాయి, కమీషన్ పోను ఏమీ మిగలక కాయను చెట్టు కిందే వదిలేసిన శీతాకాలాలు మనకు కొత్తకాదు. 2022 ఏప్రిల్‌లో కాయ పది రూపాయలకు అమ్మితే నిమ్మ రైతు బాగుపడ్డాడన్నారు. 2021 నవంబరు వానలూ వరదలూ ముంచెత్తాక అమ్ముకోవడానికి చెట్టు మీద కాయ ఎంత మిగిలిందో తోట ఉన్నవాడికే తెలుసు.

నిమ్మ గొప్పతనం నిన్న మొన్న కనిపెట్టింది కాదు. 1747లో ఓడ మీద చిగుళ్లు కుళ్లి పడిపోయిన నావికుల్లో ఇద్దరికి జేమ్స్ లిండ్ అనే డాక్టరు రోజూ నారింజ, నిమ్మ తినిపిస్తే వారంలోపే కోలుకున్నారు. బ్రిటిష్ నౌకాదళం తన నావికులకు నిమ్మరసం ఇవ్వడానికి మాత్రం 1795 దాకా పట్టింది. సర్కార్ల సంగతి ఎప్పుడూ ఇంతే.

మన ఇళ్ల సంగతి చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తహీనత. నాట్లు వేసేదీ, ఇసకపల్లి ఉప్పు కయ్యల్లో ఎండకు మాడేదీ వీళ్లే. పప్పులో, ఆకుకూరలో, రాగిలో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది కొంతే. పక్కన నిమ్మరసం ఉంటే అందులోని సి విటమిన్ ఆ ఇనుమును బాగా పట్టేలా చేస్తుంది. వేడికి ఆ విటమిన్ పోతుంది కనుక పొయ్యి మీద నుంచి దించాకే పిండాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది, అదీ గుర్తుంచుకోవాలి.

నిమ్మ పేరు పెట్టుకున్న కూల్‌డ్రింకు సీసాను తిప్పి చూడండి. చాలావాటి మీద పండు లేదని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. 2014 సెప్టెంబరులో తుమకూరులో ప్రధాని, కూల్‌డ్రింకుల్లో 5 శాతం పండ్లరసం కలపమని కంపెనీలను కోరారు. కోరితే కలుపుతారా? చట్టం చేస్తే కలుపుతారు.

కంపెనీల దయ మనకొద్దు. డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనంలో గుడ్డు కొంటున్నారు, చిక్కీ కొంటున్నారు. రక్తహీనతకు మాత్రలు పంచుతున్నారు. పప్పన్నంలో పిండే అరచెక్క నిమ్మకు ఏం అడ్డం? రెండు వందల మంది పిల్లలున్న బడికి రోజుకు వంద కాయలు, అంటే నాలుగైదు కిలోలు. నిల్వ ఉండదంటారు. రోజూ టమాటా కొనే వంటగదికి ఆ సాకు చెల్లదు.

నిమ్మకు కేంద్రం మద్దతు ధర లేదు. పాడైపోయే పంటల ధర పడితే రాష్ట్రం అడిగి తెచ్చుకోగల మార్కెట్ జోక్యం పథకం మాత్రం ఉంది. 2025లో మిర్చికి దాన్ని తెచ్చారు, నిమ్మకూ తేవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు బళ్లు, హాస్టళ్లు, అంగన్‌వాడీలకు కావలసిన కాయను ఖర్చులు కట్టి తేల్చిన ధరకు యార్డులోనే, రైతు దగ్గరే కొనాలి. కాంట్రాక్టరు మధ్యలో ఉండకూడదు.